అభిప్రాయం రాసే ముందు ఆ చిప్ పేరు చూడు

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు రాసిన వ్యాసం మీ అమ్మ నాకు పంపింది. రెండుసార్లు చదివాను. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ వేశావు, వైఫై రాలేదు, రాత్రంతా దాని ముందే కూర్చున్నావు, తెల్లారేసరికి "లినక్స్ మామూలు మనుషుల కోసం కాదు" అని తేల్చేశావు. నీ కోపం నాకు అర్థమైంది. వైఫై డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) దించుకుందామంటే ఆ వైఫైయే లేకపోవడం ఎంత చిరాకో పడినవాళ్ళకే తెలుస్తుంది. కానీ అంత పెద్ద వ్యాసంలో ఆ కార్డులో ఉన్న చిప్ ఏదో ఒక్క చోట కూడా రాయలేదు. అందుకే ఈ ఉత్తరం.

టెక్నాలజీ వార్తల మీద రాయాలనుందని, ఓపెన్ సోర్స్ గురించి, అంటే ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల కోడ్ గురించి, ఒక గట్టి అభిప్రాయం ఎలా ఏర్పరచుకోవాలో పెద్దమ్మని అడిగి చెప్పమని అన్నావట. ఇరవై ఏళ్ళకు పైగా ఈ మెషీన్లు నడపడమే నా పని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు విను. వైర్‌లెస్ అడాప్టర్లకు లినక్స్ డ్రైవర్లు సరిగ్గా లేని రోజులవి. విండోస్ కోసం చేసిన డ్రైవర్‌నే తెచ్చి లినక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్‌వ్రాపర్ అనే ప్రోగ్రామ్‌తో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. ఫలానా మోడల్‌కి ఓపెన్ డ్రైవర్ వచ్చిందని వార్త చదివి, నేను పనిచేసే చోట ముప్ఫై అడాప్టర్లు కొనిపించాను. పెట్టె మీద అదే పేరు, అదే మోడల్ నంబరు. పెట్టి చూస్తే ఒక్కటీ పలకలేదు. తయారుచేసినవాళ్ళు మధ్యలో చిప్ మార్చేసి, పేరు మాత్రం అలాగే ఉంచి, అడుగున చిన్న అక్షరాల్లో వెర్షన్ 2 అని వేశారు. వార్తలో అబద్ధం లేదు. డ్రైవర్ రాసింది చిప్‌కి, నేను చూసుకున్నది పెట్టె మీది పేరు. నా మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టినవాళ్ళకు సమాధానం చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. నువ్వు రాసింది చదివి ఎవరో ఒకరు ఒక వస్తువు కొంటారు, ఇంకెవరో కొనడం మానేస్తారు. అది మనసులో పెట్టుకుని రాయి.

కాబట్టి మొదట టెర్మినల్ తెరిచి, మెషీన్‌లోని పరికరాల జాబితా చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని ఎన్‌ఎన్‌కే ఆప్షన్‌తో ఇవ్వు. యూఎస్‌బీ పరికరమైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ. ప్రతి పరికరానికీ మధ్యలో కోలన్ పెట్టి రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది పరికరానిది. 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏఎండీ. పీసీఐ పరికరాలకైతే కిందే, ఇప్పుడు దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో కూడా ఉంటుంది. ఆ లైను లేకపోతే ఏ డ్రైవరూ దాన్ని అందుకోలేదని అర్థం. ఆ తర్వాత డీఎమ్‌ఈఎస్‌జీ కమాండ్ ఇచ్చి, లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్ ఏం చెప్పిందో చదువు. డ్రైవర్ ఎక్కింది కానీ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే నడిచే ప్రోగ్రామ్) ఫైలు దొరకలేదని అక్కడ కనిపించిందనుకో, నీ వ్యాసం మొత్తం మారిపోతుంది. లినక్స్‌కి ఆ కార్డు తెలుసు. నువ్వు వేసుకున్న డిస్ట్రో, అంటే లినక్స్‌ని ప్యాక్ చేసి ఇచ్చే రకం, ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పెట్టలేదు, అంతే. ఎందుకు పెట్టలేదు అన్నదే అసలు రాయాల్సిన కథ. డెబియన్ అనే డిస్ట్రో వాళ్ళు స్వేచ్ఛా లైసెన్స్ లేని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చివరికి 2022లో ఓటు వేసుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పెట్టడం మొదలుపెట్టారు. సూత్రం కోసం నిలబడాలా, కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజే వైఫై రావాలా అన్న ఆ ఇబ్బందిలో రెండు వైపులా నిజాయితీ ఉంది. నేనైతే ఓటు వేసి తెచ్చిన ఆ మార్పే సరైందంటాను.

డ్రైవర్ అని ఒక్క మాటలో అంటాం గానీ, దాని కింద మూడు వేరు వేరు వస్తువులున్నాయి. కెర్నెల్‌లో ఉండే భాగం ఒకటి, పరికరం లోపలే నడిచే ఫర్మ్‌వేర్ ఇంకొకటి, పైన అప్లికేషన్లు పిలిచే లైబ్రరీలు మరొకటి. ఓపెన్ సోర్స్ గురించి జరిగే గొడవలు చాలా మటుకు ఒకరు ఒకదాని గురించీ, ఇంకొకరు మరొకదాని గురించీ మాట్లాడటం వల్లే వస్తాయి.

2022 మే నెల గుర్తుందా? "ఎన్‌విడియా డ్రైవర్ ఓపెన్ సోర్స్ అయింది" అని ఎక్కడ చూసినా అదే వార్త. నిజానికి గ్రాఫిక్స్ కార్డులు చేసే ఆ కంపెనీ తెరిచింది కెర్నెల్ మాడ్యూళ్ళను, అంటే డ్రైవర్‌లో కెర్నెల్‌లో నడిచే భాగాన్ని. జీపీఎల్, ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులు రెండింటి కింద ఇచ్చారు. గ్రాఫిక్స్‌కి వాడే ఓపెన్‌జీఎల్, వల్కన్, లెక్కల పనికి వాడే సీయూడీఏ లైబ్రరీలు మూసే ఉన్నాయి. పైగా ఆ మాడ్యూళ్ళు ట్యూరింగ్ అని ఎన్‌విడియా పేరు పెట్టిన తరం కార్డులకూ, ఆ తర్వాతివాటికీ మాత్రమే పనిచేస్తాయి. ఆ తరం నుంచి కార్డులో జీఎస్‌పీ అనే ఒక చిన్న ప్రాసెసర్ ఉంది. అంతకుముందు కెర్నెల్ డ్రైవర్ చేసే పనిలో చాలా భాగం దాని ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళిపోయింది. ఆ ఫర్మ్‌వేర్‌కి సోర్స్ ఇవ్వలేదు. ఇదంతా చూసి కొందరు ఇది మోసం అన్నారు, కొందరు ఇక యుద్ధం గెలిచామన్నారు.

నాకు రెండూ తొందరపాటుగానే అనిపించాయి. అంతకుముందు ఏం జరిగిందో తెలిస్తే నీకూ అలాగే అనిపిస్తుంది. ఎన్‌విడియా కార్డులకు నూవో అని ఒక ఓపెన్ డ్రైవర్ ఉంది. తయారీదారు సాయం పెద్దగా లేకుండానే, కార్డు ఎలా ప్రవర్తిస్తోందో గమనిస్తూ కొంతమంది ఏళ్ళ తరబడి కూర్చుని రాశారు. మాక్స్‌వెల్ అనే కార్డుల రెండో తరం నుంచి ఎన్‌విడియా సంతకం చేసిన ఫర్మ్‌వేర్ లేనిదే కార్డు మాట వినడం మానేసింది. దాంతో నూవో కింద ఆ కార్డులు, మెషీన్ ఆన్ చేసినప్పుడు ఉండే తక్కువ వేగంలోనే ఉండిపోయాయి. ఎంత శ్రమపడినా వేగం పెంచే దారి లేదు. ఆ మనుషుల నిస్సహాయత గురించి రాసినవాళ్ళు తక్కువ. జీఎస్‌పీ ఫర్మ్‌వేర్ వచ్చాక ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకు ఆ ముడి వీడింది. కార్డు వేగం సంగతి ఆ ఫర్మ్‌వేరే చూసుకుంటుంది. మేసా అనే ఓపెన్ గ్రాఫిక్స్ లైబ్రరీల ప్రాజెక్టులో ఎన్‌వీకే అనే ఓపెన్ వల్కన్ డ్రైవర్ కూడా తయారైంది. అంటే సోర్స్ లేని ఒక వస్తువు వల్ల ఓపెన్ డ్రైవర్‌కి ఊపిరొచ్చింది. దీన్ని మెచ్చుకోవాలా, బాధపడాలా? నాకు రెండూ కలుగుతాయి, రెండూ కలుగుతాయనే రాస్తాను. ఏదో ఒక పక్షాన నిలబడాలని టెన్షన్ పడకు.

ఏఎండీ పూర్తిగా ఓపెన్, ఎన్‌విడియా పూర్తిగా క్లోజ్‌డ్ అని కూడా రాయకు. ఏఎండీ 2007లో తన గ్రాఫిక్స్ చిప్‌ల వివరాలు బయటపెడతానంది, పెట్టింది, 2015లో ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నెల్‌లో చేరింది. అది చాలా మంచి పని. కానీ ఆ కార్డులకూ సోర్స్ లేని ఫర్మ్‌వేర్ కావాలి. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాకి వేలు చూపించి తిట్టిన వీడియోని నీ వ్యాసంలో పెట్టావు. ఈ రోజు నీ కార్డు గురించి అది ఏమీ చెప్పదు, తీసెయ్. అదే మనిషి 2018లో, తన మాటలు మనుషులను గాయపరిచాయని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పని నుంచి తప్పుకున్నాడు. దాన్ని పంచుకునేవాళ్ళు తక్కువ.

"కెర్నెల్ అప్‌డేట్ చేస్తే డ్రైవర్ చచ్చిపోయింది" అన్నావు. ఇది నిజమైన బాధే, కారణం కూడా రాయి. అప్లికేషన్లకు కనిపించే వైపు చెడగొట్టమని కెర్నెల్ వాళ్ళు మాటిచ్చారు, దాన్ని గట్టిగా పాటిస్తారు. లోపల డ్రైవర్లు వాడుకునే వైపు మాత్రం అలాంటి మాట లేదు. ఎందుకు ఇవ్వరో కెర్నెల్ బాధ్యత చూసేవాళ్ళలో ఒకరైన గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నెల్ సోర్స్‌తో పాటే ఉంటుంది, ఒకసారి చదువు. డ్రైవర్ కెర్నెల్ సోర్స్‌లోనే ఉంటే, లోపల మార్పు చేసినవాళ్ళే ఆ డ్రైవర్‌నీ సరిచేస్తారు. బయట ఉంటే ఎవరూ చెయ్యరు. నువ్వు ఎక్కడి నుంచో తెచ్చి కెర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ని మళ్ళీ కట్టే డీకేఎమ్‌ఎస్‌తో కట్టుకున్న డ్రైవర్ ఆ బయటి రకం. నేను కెర్నెల్ వాళ్ళ పక్షమే. పాత హార్డ్‌వేర్ తయారీదారు వదిలేశాక కూడా ఏళ్ళ తరబడి పనిచేస్తోందంటే ఈ పద్ధతి వల్లే. కానీ దాని ఖరీదు నీలాంటివాళ్ళు కడుతున్నారు. ఆ మాట కూడా గట్టిగా రాయాలి.

వార్తల విషయానికొస్తే, తేదీ, వెర్షన్ నంబరు, క్రియాపదం, ఈ మూడూ చూడు. ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపారా, ఆ భాగం బాధ్యత చూసే మెయింటెయినర్ తీసుకున్నాడా, కెర్నెల్‌లో కలిసిందా, విడుదలైందా, నీ డిస్ట్రోకి చేరిందా? అన్నింటికీ శీర్షికలో "వచ్చేసింది" అనే ఉంటుంది. కొత్త కెర్నెల్ సుమారు 9, 10 వారాలకొకటి వస్తుంది. మొదటి రెండు వారాల్లో కొత్త కోడ్ కలుపుతారు, మిగతా కాలమంతా సరిచెయ్యడమే. ఈమెయిల్ లిస్టులో పెట్టిన ప్యాచ్ నీ ల్యాప్‌టాప్ దాకా రావడానికి నెలలు పట్టవచ్చు, అసలు రాకపోనూవచ్చు. శీర్షిక పక్కన పెట్టి ఆ ప్యాచ్ పంపిన ఉత్తరమే చదువు. అర్థం కాని చోట నన్ను అడుగు.

లైసెన్స్ వార్తలూ అంతే, సోర్స్ కనిపిస్తే ఓపెన్ సోర్స్ అయిపోదు. డేటాను మెమరీలో ఉంచే రెడిస్ అనే సాఫ్ట్‌వేర్ 2024 మార్చిలో లైసెన్స్ మార్చినప్పుడు కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ వాడుకునే హక్కు తగ్గింది. అందుకే పాత కోడ్ నుంచి వాల్కీ అనే వేరే ప్రాజెక్టు పుట్టింది.

భద్రత వార్తల దగ్గర మాత్రం నిదానంగా ఉండు, నాన్నా. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ విషయం బయటపడినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్స్‌జెడ్ దాదాపు అన్ని లినక్స్ మెషీన్లలో ఉండే, ఫైళ్ళను కుదించే ప్రోగ్రామ్. రెండేళ్ళకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఒకరు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అందులో అసలు భాగాన్ని టెస్ట్ ఫైళ్ళలో దాచి, దాన్ని నడిపించే ముక్కను విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉంచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. ఓపెన్ సోర్స్ నమ్మదగింది కాదని ఒకరు, ఓపెన్ కాబట్టే దొరికిందని ఇంకొకరు రాశారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ నన్ను పట్టి కుదిపింది వేరే. అంతటి సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే మోశాడు. ఆయన అలసిపోయానని చెప్పుకున్నాడు, అయినా త్వరగా చెయ్యమని జనం ఒత్తిడి చేశారు. ఆ అలసటలోంచే దొంగ లోపలికొచ్చాడు. నువ్వు కోపంగా రాసే ప్రతి వాక్యం అవతల అలాంటి మనిషి ఒకరు చదువుతారు.

అందుకే వ్యాసం కన్నా ముందు, లోపం ఏమిటో తయారుచేసేవాళ్ళకు చెప్పే బగ్ రిపోర్ట్ రాయి. చిప్ నంబర్లు, కెర్నెల్ వెర్షన్, డీఎమ్‌ఈఎస్‌జీలో వచ్చిన లైన్లు ఉన్నవి ఉన్నట్టుగా, ఏం చేస్తే ఏం జరిగింది, ఏ వెర్షన్ దాకా పనిచేసింది, ఇవి చాలు. నీ ఊహలు చివర వేరుగా రాయి. రిపోర్ట్‌కి వచ్చిన జవాబు నీ వ్యాసానికి ఏ శీర్షికా ఇవ్వలేనంత సరుకు ఇస్తుంది. జవాబు రాకపోతే, ఇన్ని వారాలు ఎదురుచూశాను, రాలేదు అని రాయి, అదీ వార్తే.

మూసిన డ్రైవర్ వాడేవాళ్ళను తక్కువ చేసి ఎప్పుడూ రాయకు. పని కోసం సీయూడీఏ తప్పనివాళ్ళు లెక్కలేనంత మంది ఉన్నారు, నా మెషీన్‌లోనూ అదే ఉంది. ఏం వదులుకుంటున్నారో వాళ్ళకు నిజం చెప్పు, నిర్ణయం వాళ్ళకు వదిలెయ్.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ తీసుకుని వైఫై కార్డు తాలూకు రెండు సంఖ్యలూ, దాని కింద డ్రైవర్ లైనూ, డీఎమ్‌ఈఎస్‌జీలో ఫర్మ్‌వేర్ అన్న మాట ఉన్న లైన్లన్నీ నాకు పంపు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి దాని ఇంటర్నెట్ వాడుకో, చాలా ఫోన్లకు వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఆదివారం పొద్దున్న ఇద్దరం కూర్చుని చూద్దాం. వ్యాసం అప్పటిదాకా ఆపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ