అమ్మ పేనిన తాడు, మృణాళిని ముఖర్జీ వేసిన ముడులు

"తాడు, నార లాంటివాటితో చేసినవి కూడా శిల్పాలేనా? ఆడవాళ్ల కష్టం గురించి అవి కొత్తగా ఏం చెబుతాయి?" అని నన్ను ఒకరు అడిగారు. శిల్పాలే. ఆడవాళ్ల ఓర్పు గురించి రాయి కంటే తాడే బాగా చెబుతుందని నా నమ్మకం. నేను పుట్టింది తాడు పేనే ఇంట్లో.

మాది కోనసీమ. అమ్మ కొబ్బరి పీచుతో తాడు పేనేది. ఒకరు రాట్నం తిప్పుతుంటే ఇంకొకరు నడుముకి కట్టుకున్న సంచిలోంచి పీచు తీసి, వేళ్లతో అందిస్తూ వెనక్కి నడవాలి. రోజంతా వెనక్కే నడక. సాయంత్రానికి అమ్మ అరచేతులు ఎర్రగా మండుతుండేవి. అన్నంలో పచ్చడి కలుపుకోవాలంటే చెంచా అడిగేది.

2015లో నేను ఢిల్లీలో ఉద్యోగం చేస్తుంటే అమ్మ చూడ్డానికి వచ్చింది. అప్పుడు జైపూర్ హౌస్‌లో, అదే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో, మృణాళిని ముఖర్జీ శిల్పాలు పెట్టారు. ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే ఆవిడ 65వ ఏట పోయారు. మేం ఆ తర్వాత వెళ్లాం. బరోడాలో చదువుకుని, 1970లలోనే నారతాళ్లు పట్టుకున్న మనిషి ఆవిడ. ముందు బొమ్మ గీసుకోకుండా, నమూనా చేసుకోకుండా, చేత్తో ముడి మీద ముడి వేసుకుంటూ పోయేవారట. యక్షి, దేవి, వనశ్రీ... ఆవిడ పెట్టిన పేర్లు ఇలా ఉంటాయి. మనిషెత్తు రూపాలు, మడతలు మడతలుగా. ఒకవైపు నుంచి చూస్తే అమ్మవారు, ఇంకోవైపు నుంచి విచ్చుకుంటున్న పువ్వు.

అమ్మ దూరం నుంచి చూడలేదు. ఒక శిల్పం దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి ముడులు చూసింది. చుట్టూ తిరిగి వెనకవైపు కూడా చూసింది. నేను యక్షి అంటే ఎవరో చెప్పబోతుంటే ఆపింది.

"ఒక్క ముడీ సడల్లేదే అమ్మాయ్. ఈవిడ చేతులు పగిలిపోయుంటాయి."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను, చేతుల గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

నా బాధ ఒకటి చెప్పాలి. మగవాడు రాయి చెక్కితే శిల్పం, ఆడది నార అల్లితే చేతిపని, కాలక్షేపం. ముఖర్జీ గారికే ఈ మాట తప్పలేదు, ఇక మా అమ్మలాంటివాళ్ల సంగతి ఎవరికి పట్టింది? మన ఊళ్లలో సెంటర్లోనూ డివైడర్ల మీదా చంకన బిందెతో నవ్వుతూ నిలబడ్డ ఫైబర్‌గ్లాస్ అమ్మాయిల బొమ్మలు పెడతారు. ఆ బిందె బరువు ఆ బొమ్మ నడుములో ఎక్కడైనా కనిపిస్తుందా? తాడు శిల్పంలో బరువు దాగదు. అది కిందికి లాగుతూనే ఉంటుంది, ముడులు పట్టి నిలబెడుతూనే ఉంటాయి. ఆడవాళ్ల బతుకు అందులో ఉందని నేననేది అందుకే.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక అమ్మ అడిగింది, ఒక్కోటి చెయ్యడానికి ఎన్నాళ్లు పట్టుంటుందని. నెలల తరబడి పడుతుందన్నాను.

"అన్ని నెలలూ ఇల్లు ఎలా గడిచింది?" అంది. మా అమ్మకి కట్ట లెక్కన కూలి ఇచ్చేవారు.