రోజూ నడుస్తున్నా బరువు ఎందుకు తగ్గడం లేదు?

రోజూ ఉదయం అరగంట నడుస్తున్నా బరువు తగ్గకపోవడానికి కారణం చాలామంది విషయంలో నడకలో కాక, తిండిలోనే ఉంటుంది. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు మాత్రమే. తిరిగి వస్తూ తినే రెండు గారెలు ఆ లెక్కను పూర్తిగా చెరిపివేస్తాయి.

మన భోజనంలో అసలు చిక్కు అన్నం పరిమాణంతోనూ, కొలవకుండా పోసే నూనెతోనూ వస్తుంది. ఒక పెద్ద చెంచా నూనెలోనే దాదాపు 120 కేలరీలుంటాయి కనుక, పోపుకూ వేపుడుకూ నూనెను చెంచాతో కొలిచి వేసి, కంచంలో ముందుగా కూర, పప్పు వడ్డించుకొని, మిగిలిన చోటులోనే అన్నం పెట్టుకోవడం మేలు. రాగి సంకటి ఆరోగ్యకరమని ఒక ముద్ద అదనంగా తినేవారికి బరువు విషయంలో ఒరిగేదేమీ లేదు.

అలాగని వ్యాయామం అనవసరం కాదు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఇందుకు ఇంట్లో తీసే గుంజీలు, దండీలు సరిపోతాయి. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోకుండా కాపాడేది ఈ రెండో భాగమే. మనవాళ్ళు తరచుగా వదిలివేసేదీ అదే. ఇవన్నీ పాటించినా రెండు మూడు నెలల్లో మార్పు లేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.