కాపలా కుక్కకు కరవడం కంటే ముందు నేర్పాల్సింది

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

టైగర్‌కి ఎనిమిది నెలలు వచ్చాయి, ఇక కాపలా ట్రైనింగ్ మొదలుపెడతానని రాశావు. ఊరి చివర ఇల్లు, నీకేమో నైట్ డ్యూటీలు, ఇంట్లో అమ్మాయి, పిల్లలు ఒంటరిగా ఉంటారన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. మొదలుపెట్టు. కరిపించడంతో మాత్రం మొదలుపెట్టొద్దు.

ఎనిమిది నెలల జర్మన్ షెపర్డ్ ఒంటికి ఎదిగినట్టు కనిపిస్తుంది కానీ బుద్ధికి ఇంకా పిల్లే. పాలపళ్లు రాలి అసలు పళ్లు వచ్చేశాయి కాబట్టి గోనెగుడ్డను చుట్టగా చేసి నోటికి పట్టించి ఆడించు, ఫర్వాలేదు. అది ఆటగానే ఉండాలి. ఎదురుగా మనిషి నిలబడి బెదిరిస్తే తట్టుకునే గుండె ఏడాదిన్నర, రెండేళ్లకు గానీ రాదు. ఈలోపే బెదిరిస్తే దానిలో భయం పాతుకుపోతుంది. భయంతో కరిచే కుక్క దొంగనూ చూడదు, పాలబ్బాయినీ చూడదు. ఆ జాతిని తయారుచేసిన జర్మనీలోనే 18 నెలలు నిండని కుక్కను ఐజీపీ అనే కాపలా కుక్కల పరీక్షకు రానివ్వరు. దానికంటే ముందు ఇంకో పరీక్ష ఉంటుంది. జనం మధ్య, సైకిళ్ల మధ్య యజమాని మాట విని నెమ్మదిగా నడవాలి. అందులో తప్పితే కాపలా పరీక్ష దాకా పోనే పోదు.

అందుకని ఈ ఏడాదంతా కూర్చో, ఆగు, రా, పక్కన నడువు, వీటి మీదే పెట్టు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు చాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. నువ్వు ‘కమ్’ అని, అమ్మాయి ‘దా’ అని, పిల్లలు ఇంకేదో అంటే అది ఏదీ నేర్చుకోదు.

అన్నిటికన్నా ముఖ్యం ‘వదులు’. నోట్లో ఉన్నది లాక్కోవద్దు. లాగేకొద్దీ ఇంకా గట్టిగా పడుతుంది. గుడ్డను నీ తొడకు ఆనించి కదలకుండా పట్టుకో, ఒక్కసారి ‘వదులు’ అని ఊరుకో. కదలని గుడ్డ మీద సరదా పోయి అదే వదిలేస్తుంది. వదిలిన క్షణమే శెభాష్ అని మళ్లీ ఆట ఇవ్వు. వదిలితే ఆట పోదు, మళ్లీ వస్తుందని దానికి తెలియాలి. ఇది ఇంట్లో కుదిరాక వీధిలో చెయ్యి, తర్వాత నలుగురిలో చెయ్యి, తర్వాత అమ్మాయి చేత చెప్పించు. నువ్వు లేనప్పుడు దాన్ని ఆపాల్సింది అమ్మాయే కదా.

నిజం చెప్పాలంటే ఇంటికి కావాల్సింది కరిచే కుక్క కాదు, సమయానికి మొరిగే కుక్క. ఇల్లు వెతుక్కునే దొంగ మొరుగుడు విన్నాక ఆ గేటు జోలికి రావడం అరుదు. కొత్తవాళ్లు వస్తే మొరగాలి, నువ్వు చాలంటే ఆపాలి. దానితో పాటు బయటివాళ్లు వేసిన ముక్క ముట్టకుండా నేర్పు. మన వైపు దొంగలు మందు కలిపిన మాంసం వేస్తారు. తాడు పట్టుకుని ఉండగా స్నేహితుడితో ముక్క వేయించు. మూతి అటు పోగానే కాలితో కప్పేసి, నీ చేతిలోంచి ఇంకా మంచిది పెట్టు.

ఇవన్నీ కుదిరి, అప్పటికీ కరిపించే ట్రైనింగ్ కావాలనిపిస్తే నేర్చినవాడి దగ్గరికే వెళ్లు. పనివాడికో తమ్ముడికో చేతికి గోనె చుట్టి కుక్కను ఉసిగొల్పొద్దు. రేపు ఆ మనిషి మామూలుగా గేటు తీసినా అది వదలదు. ట్రైనర్‌ను కలిసినప్పుడు ముందు వాడి కుక్క ఒక్క మాటకు వదులుతుందో లేదో చూపించమను. కారం పెట్టాలి, పస్తు ఉంచాలి, చీకటి గదిలో కట్టేయాలి, అప్పుడే రోషం వస్తుంది అనేవాడైతే నమస్కారం పెట్టి వచ్చెయ్. పగలంతా గొలుసు మీద ఉంచడం కూడా అంతే చెరుపు.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన కుర్రాడు, పెంపుడు జర్మన్ షెపర్డ్ మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పేపర్లో చదివిన రోజు నుంచి ఆ సంగతి నన్ను వదల్లేదు. కుక్కను అదుపులో పెట్టుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం సంగతి తర్వాత, ఆ తల్లికి ఎవరు సమాధానం చెప్తారు? కాలింగ్ బెల్ గేటు బయటికి మార్పించు. కుక్క ఉందని బోర్డు పెట్టు. డెలివరీ వాళ్లు వచ్చే వేళకు దాన్ని లోపల గదిలో ఉంచు.

రేబిస్ టీకా ఏటా తప్పించొద్దు, మున్సిపాలిటీలో లైసెన్సు తీసుకో. ఎండాకాలం ట్రైనింగ్ సూర్యుడు పైకి రాకముందే ముగించు. నాలుక వెడల్పుగా వేలాడేసి గట్టిగా రొప్పుతుంటే ఆపేసి నీడకు తీసుకెళ్లి నీళ్లు పట్టు.

దసరాకి వస్తాను. అప్పటికి ‘వదులు’ ఎంతవరకు వచ్చిందో అమ్మాయి చేత చెప్పించి చూస్తాను. కరిపించే ట్రైనింగ్ సంగతి ఆ తర్వాతే మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న