కోర్టు విడదీసినా వీడని ముడి

ప్రశ్న: భర్తకు దూరమై ఏళ్లు గడిచినా మళ్లీ పెళ్లి చేసుకోలేని యూదు స్త్రీలను ‘అగూనా’ అంటారని చదివాను. కోర్టు విడాకులు చాలవా? యూదు స్త్రీవాదులు చూపే దారి ఏమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలవండీ. అమెరికాలో కోర్టు విడాకులిచ్చినా ఆర్థడాక్స్ (సంప్రదాయ ధర్మాన్ని కచ్చితంగా పాటించే) యూదుల దృష్టిలో ఆమె ఇంకా భార్యే. ఇజ్రాయెల్‌లోనైతే యూదులకు విడాకులిచ్చే అధికారం రబ్బీల (యూదు మతగురువుల) కోర్టులదే. ముడి వీడాలంటే ‘గెట్’ అనే విడాకుల పత్రం కావాలి. దాన్ని లేఖకుడు ఆ దంపతుల కోసమే చేత్తో రాస్తాడు, పన్నెండు వరుసల్లో. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు. ముద్దుపేర్లతో సహా పేర్లన్నీ అందులో ఉండాలి, అక్షరం తప్పినా పత్రం చెల్లకపోవచ్చు. భార్య దోసిలి పడితే భర్త అందులో దాన్ని వదలాలి.

చిక్కంతా ఆ ‘వదలాలి’ దగ్గరే ఉంది. భర్త ఇష్టపడి ఇవ్వాలి, రబ్బీల కోర్టు అనుమతి లేని బలవంతంతో రాబట్టిన గెట్ చెల్లదు. అందుకే కొందరు దాన్ని పట్టుకుని డబ్బో, పిల్లలనో బేరం పెడతారు. ఆమె తెగించి మరో యూదుడితో బిడ్డను కంటే ఆ బిడ్డ ‘మామ్జేర్’ అవుతుంది, మామూలు యూదులెవరినీ పెళ్లాడే వీలుండదు. భర్త పెళ్లికాని మరో స్త్రీతో పిల్లల్ని కన్నా వాళ్లకు ఆ ముద్ర పడదు. ఇంత అన్యాయాన్ని ధర్మమని ఎలా ఒప్పుకుంటాం?

ఇజ్రాయెల్‌లో 1995 చట్టం ప్రకారం రబ్బీల కోర్టు మొండి భర్త పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు ఆపగలదు, జైలుకూ పంపగలదు. అమెరికా ఆర్థడాక్స్ సమాజంలో వాడే పెళ్లికి ముందరి ఒప్పందం ఇంకాస్త తెలివైనది. విడిగా ఉన్న రోజు నుంచి గెట్ ఇచ్చేదాకా రోజుకు 150 డాలర్ల భరణం ఇస్తానని వరుడు రాసిస్తాడు. అది జరిమానా కాదు, పోషణ బాధ్యత. కాబట్టి బలవంతం కిందికి రాదు.

అమెరికాకు చెందిన యూదు స్త్రీవాద పండితురాలు రేచల్ ఆడ్లర్ సమస్య మూలం దగ్గరికే వెళ్లారు. స్త్రీని మూడు విధాలుగా ‘పొందవచ్చు’ అంటుంది యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా. పెళ్లిలో వరుడు ఉంగరం తొడగడంలో ఉన్నది ఆ భావమే. దాని బదులు ఆమె 1998లో యూదుల వ్యాపార భాగస్వామ్య ధర్మం నుంచి ‘బ్రిత్ అహూవిమ్’ (ప్రేమికుల ఒడంబడిక) అనే పెళ్లి క్రతువును రూపొందించారు: ఇద్దరూ తమ విలువైన వస్తువులు ఒకే సంచిలో వేసి, కలిసి పైకెత్తుతారు. ఒకరు మరొకరికి సొత్తు కారు కనుక, ఎవరు కోరినా భాగస్వామ్యం రద్దవుతుంది, గెట్ అక్కర్లేదు.

నా మట్టుకు ఇదే సరైన మరమ్మతు. ఆర్థడాక్స్ సమాజాలు మాత్రం దీన్ని స్వీకరించలేదు. అక్కడ పెళ్లాడే అమ్మాయి ముందరి ఒప్పందం మీద పెళ్లికి ముందే సంతకం తీసుకోవాలి. గొడవ మొదలయ్యాక అడిగితే పెట్టేవాళ్లు అరుదు.