ఆపరేషన్ తర్వాత ఊపిరి, నడక: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. బైపాస్ అయి పదిహేను రోజులైంది. మూడు బంతుల పరికరం ఇచ్చి ఊపిరి వ్యాయామం చేయమన్నారు. ఆయన గట్టిగా ఊదితే బంతులు కదలవు. పీల్చమంటే ఒక్క గుక్కలో మూడూ లేచి, వెంటనే పడిపోతాయి. నాలుగైదుసార్లకే కళ్లు తిరుగుతున్నాయంటారు. ఎముక విడిపోతుందేమోనని దగ్గును అణచుకుంటున్నారు. పూర్వం రోజూ కపాలభాతి చేసేవారు. మళ్లీ ఎప్పుడు మొదలెట్టవచ్చు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ గొట్టం చేతికొస్తే ఎవరికైనా ఊదాలనే అనిపిస్తుంది. అది పీల్చడానికి చేసిన పరికరం. మత్తు, వెల్లకిలా పడక, నొప్పికి భయపడి పైపైనే తీసే ఊపిరి, ఇవన్నీ కలిసి ఊపిరితిత్తుల అడుగు భాగంలో గాలి గదులను ముడుచుకుపోయేలా చేస్తాయి. గుండెను ఆపి చేసిన ఆపరేషన్ అయితే, గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రం నడిచినంతసేపూ ఊపిరితిత్తులు దాదాపు ఆడకుండానే ఉంటాయి. ముడుచుకున్న చోట కఫం నిలిచిందంటే న్యుమోనియాకు దారి ఏర్పడినట్టే. ఆ గదులు తెరుచుకోవాలంటే గాలి నెమ్మదిగా లోపలికి వెళ్లి కాసేపు అక్కడ నిలవాలి.

పరికరం మీద 600, 900, 1200 అని అంకెలుంటాయి. ఎంత గాలి పీల్చామో అవి చెప్పవు. సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో పీలుస్తున్నామో చెబుతాయి. అందుకే మూడు బంతులనూ ఎగరేసి వదిలేయడం కన్నా ఒక్క బంతిని మూడు సెకన్లు పైన నిలపడం మేలు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. పరికరాన్ని కళ్లకు ఎదురుగా, నిలువుగా పట్టుకోవాలి. కాస్త వంచితే బంతి తేలిగ్గా లేస్తుంది, ఫలితం మాత్రం ఉండదు. ముందు మామూలుగా ఊపిరి వదిలి, గొట్టం చుట్టూ పెదవులు గట్టిగా మూసి, పాయసం జుర్రినట్టు కాకుండా, సన్నగా, పొడుగ్గా పీల్చాలి. బంతి దిగిపోయాక కూడా రెండు మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి, గొట్టం తీసి, మెల్లగా వదలాలి.

కళ్లు తిరగడానికి కారణం విరామం లేకపోవడమే కావచ్చు. గబగబా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది. ఒక్కో పీల్పు తర్వాత రెండు మూడు మామూలు ఊపిర్లు తీయమనండి. అయిదు అయ్యాక ఒక నిమిషం ఆగి మరో అయిదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పది చాలు. పొద్దున్నే యాభై చేసేసి రోజంతా పక్కన పెడితే లాభం లేదు. అయినా తల తిరుగుతుంటే బీపీ చూపించండి, గుండె మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు చేస్తే ఊపిరి లోతుగా అందుతుంది. గొట్టం మూతిని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. మనవలు సరదాపడినా వాళ్ల నోట పెట్టనివ్వకండి.

ఇక దగ్గు. రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగించి ఉంటారు. అది పూర్తిగా అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. దిండునో, మడిచిన దుప్పటినో రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని దగ్గితే భయం లేదు. ముందు నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అని రెండుసార్లు ఊపిరి వదలాలి. కఫం పైకి కదిలాక ఒక్క దగ్గు సరిపోతుంది. దగ్గినప్పుడో పక్కకు ఒత్తిగిలినప్పుడో ఎముకలో ‘టక్’మని కదిలినట్టు అనిపించినా, గాయం నుంచి చీము వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా ఆ రోజే సర్జన్‌కు చెప్పండి.

కపాలభాతి, భస్త్రిక మూడు నెలలైనా ఆగాలి. అవి పొట్టను కుదిపి ఛాతీలో ఒత్తిడిని పదే పదే పెంచుతాయి. ఆ తర్వాతైనా డాక్టరు చూసి సరే అన్నాకే. కుంభకం (ఊపిరి బిగబట్టడం) లేకుండా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న: మా అక్కకు పొట్ట కోసి గర్భసంచి తీశారు. ఇవాళ అయిదో రోజు. నర్సు నడవమంది, అత్తగారు మంచం దిగొద్దంటున్నారు. కడుపుబ్బరంగా ఉంది. లేస్తుంటే కుట్లు లాగుతున్నాయి. నడుం కట్టు గట్టిగా బిగించారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఈ విషయంలో నర్సు మాటే వినండి. నడిస్తేనే పేగులు కదిలి గాలి పోతుంది, ఉబ్బరం తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కదలని పిక్కల్లో గడ్డ ఏర్పడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం. పడుకున్నప్పుడు గంటకోసారి రెండు పాదాలనూ చీలమండ దగ్గర ముందుకూ వెనక్కూ ఇరవైసార్లు పూర్తిగా ఆడించాలి. వేళ్లు మాత్రమే కదిపితే పిక్క కండ పనిచేయదు. ఒక కాలి పిక్కే వాచి, వేడెక్కి, నొప్పి పుడితే దాన్ని మర్దన చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. హఠాత్తుగా ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

లేవడంలోనే చాలామంది పొరబడతారు. వెల్లకిలా ఉన్నవాళ్లు తిన్నగా లేస్తే భారమంతా పొట్ట కండరాల మీదే పడుతుంది. మోకాళ్లు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి తిప్పి, దుంగ దొర్లినట్టు పక్కకు ఒత్తిగిలాలి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ, మోచేతితో, అరచేతితో నొక్కి, ఊపిరి వదులుతూ లేవాలి. ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడాలి. చాప మీద పడక ఆరు వారాలు వద్దు. మొదట అయిదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు ఇంట్లోనే నడిస్తే చాలు. కుట్లు లాగుతాయని వంగి నడవొద్దు, నడుం నొప్పి మొదలవుతుంది.

కట్టు నడిచేటప్పుడు ఆసరాకే. రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. బిగిస్తే ఊపిరితిత్తుల అడుగుకు గాలి చేరదు, కాబట్టి ఊపిరి వ్యాయామం చేసేటప్పుడు విప్పేయండి. అరచెయ్యి బొడ్డు మీద ఉంచి, ముక్కుతో పీలిస్తే చెయ్యి లేవాలి, పెదవులు కుదించి వదిలితే దిగాలి. గంటకు పదిసార్లు. నిండు బిందె ఎత్తడం, గ్యాస్ బండ జరపడం ఆరు వారాలు మానేయాలి. నాలుగైదు కిలోలు మించిందేదీ ముట్టుకోవద్దు. విరేచనానికి ముక్కడం కూడా పొట్టకు బరువెత్తడమే. నీళ్లు, ఆకుకూరలు చాలకపోతే డాక్టరు రాసిన మందు వాడండి.

ప్రశ్న: మోకాలి కీలు మార్పిడి అయి వారమైంది. మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటోంది. మంచిదేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వెంటనే తీసేయండి. మోకాలు వంగి ఉన్న స్థితికే అలవాటుపడితే తర్వాత తిన్నగా చాపుకోలేరు, కుంటుతూ నడుస్తారు. దిండు మడమ కింద పెట్టి, మోకాలి వెనక భాగాన్ని కిందికి, పరుపుకేసి నొక్కుతూ తొడ కండను అయిదు సెకన్లు బిగించండి. పదేసి చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు. వంచడానికి మడమను పరుపు మీద తుంటి వైపు జార్చాలి. సాధారణంగా రెండో వారం చివరికి 90 డిగ్రీలు రావాలి. వ్యాయామం తర్వాత వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టండి. రాత్రి దిండు లేకుండా నిద్ర పట్టకపోతే అది రెండు కాళ్ల మధ్య ఉండనివ్వండి, మోకాలి కింద మాత్రం వద్దు.