ఖాళీ స్థలాన్ని కాపాడవలసిన కార్యదర్శికి

చిరంజీవికి ఆశీస్సులు.

నివాసుల సంఘానికి కార్యదర్శిగా నిన్ను ఎన్నుకున్నారని, అందరికీ ఉన్న ఆ ఒక్క ఖాళీ స్థలం ఎప్పుడు చేజారిపోతుందోనన్నదే నీ దిగులని రాశావు. ఆ దిగులు సరైనదే. ఇలాంటి సంఘాలలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో నాకు తోచినది చెబుతాను.

ముందుగా కాగితాలు సంపాదించు. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను ధ్రువీకృత నకలు, ఆ స్థలాన్ని ఏ అవసరానికి కేటాయించారో తెలిపే ఉత్తర్వు, సర్వే హద్దులు, ఇవన్నీ ప్రమాదం ముంచుకొచ్చాక వెతికితే సమయానికి చేతికందవు. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకు కేటాయించినప్పుడు స్థానికులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. ఆసుపత్రి కూడా ప్రజలకు మేలు చేసేదే అయినా, ప్రణాళికలో పార్కు అని ఉండటమే అక్కడి నివాసులకు బలమైంది. నీ ముందుకు వచ్చే ప్రతిపాదనలు కూడా చాలావరకు ఇలాగే గ్రంథాలయమనో, సమావేశ మందిరమనో మంచి పేరుతోనే, తరచుగా మన సభ్యుల నోటి వెంటే వస్తాయి. అందుకే ఏ ప్రతిపాదనా లేని ప్రశాంత సమయంలోనే, అక్కడ ఏ నిర్మాణమూ వద్దని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు తీసుకో.

సగం ఇచ్చి సగం దక్కించుకుందామనే పెద్దమనుషులు తప్పక ఎదురవుతారు. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యగా పెద్ద రోడ్డు వేయాలన్నప్పుడు, 1952లో షర్లీ హేస్ అనే స్థానిక మహిళ ఒక కమిటీని కూడగట్టి, వెడల్పు తగ్గిస్తే చాలన్న రాజీకి ఒప్పుకోకుండా, అసలు వాహనాలే వద్దని పట్టుబట్టారు. ఆ దశాబ్దం ముగిసేలోపు పార్కు గుండా రాకపోకలు ఆగిపోయాయి. కోరిక స్పష్టంగా ఉంటేనే జనం దాని వెంట నిలుస్తారు.

అయితే ఎవరూ అడుగుపెట్టని స్థలాన్ని ఏ కాగితమూ ఎక్కువకాలం కాపాడలేదు. పిల్లల ఆటలు, పెద్దల నడక, మొక్కల పని రోజూ అక్కడ సాగాలి. ఇక్కడే సంఘాలు పెద్ద పొరపాటు చేస్తాయి: శుభ్రత పేరుతో గేటుకు తాళం వేసి, అద్దెకున్నవారిని, పనివారి పిల్లలను బయటకు పంపుతాయి. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. అలా బయటే ఉండిపోయినవారు రేపు కష్టకాలంలో మీ పక్కన ఎందుకు నిలబడతారు? ఉమ్మడి వనరులను ప్రజలే ఎలా నిలుపుకుంటారో చూపినందుకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించింది కూడా ఇదే: వాడుకునేవారికి నియమాలు మార్చే హక్కు ఉండాలి, తప్పు చేసినవారికి శిక్ష చిన్నదిగా మొదలవ్వాలి, తగాదాలు అక్కడికక్కడే తేలాలి. ఆట వేళల గురించి గొడవ వస్తే నోటీసు అంటించే ముందు ఇరువైపుల వారినీ కూర్చోబెట్టు.

చందా లెక్కలు నెలనెలా అందరికీ చూపించు. కాగితాల నకళ్లు కనీసం ముగ్గురి ఇళ్లలో ఉంచు. పదవి దిగేటప్పుడు ఫైలును సమావేశంలోనే తర్వాతి వారికి అప్పగించి, అందినట్లు సంతకం తీసుకో.

ఇట్లు,
నీ పెదనాన్న