పదిహేడు రోజుల పొదుపు, ఆరడుగుల అక్వేరియం

భీమవరం నుంచి ఒకాయన అడిగారు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్, జీతం 34,000, ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 26,000, చీటీకి 5,000. ఇంట్లో భార్య, నాలుగేళ్ల పాప, షుగర్ ఉన్న అమ్మగారు. పాలకొల్లులో ఎవరో హైదరాబాద్ షిఫ్ట్ అవుతూ ఆరడుగుల అక్వేరియం ట్యాంకు స్టాండుతో సహా 28,000కి ఇస్తానన్నారంట, ఈయన 2,000 అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. అందులో సిల్వర్ అరోవానా, నాలుగు ఆస్కార్లు, ఒక రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, ఈ చేపలు వేయాలని కోరిక. రవాణా, ఫిల్టర్ రిపేరు, చేపలు అన్నీ కలిపితే 55,000 దాకా అవుతుంది, చేతిలో 15,000 ఉంది, మిగతా 40,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలా, లక్ష చీటీ పాడుకోవాలా, క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీయాలా, ఏది బెటర్ అండీ అని ప్రశ్న.

మూడూ బెటర్ కాదండి. ఇక్కడ జవాబు ఎందుకు రాస్తున్నానంటే ఈ చేపల చోట సెకండ్ హ్యాండ్ కారు పెట్టండి, ఏసీ పెట్టండి, మంచి జాతి కుక్కపిల్ల పెట్టండి, డబ్బు సలహాకి నా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే, కొనే రోజు రేటు చూసి చవగ్గా వచ్చింది కదా అనుకుంటారు, ఆ తర్వాత నెలనెలా అది ఎంత తింటుందో ఎవరూ లెక్కేయరు. ఇక్కడైతే నిజంగానే తింటుంది.

ముందు మీ 15,000 సంగతి. మీ ఇంటి ఖర్చు రోజుకి 870 దాకా ఉంది, అంటే రేపు జీతం ఆగితే మీరు పదిహేడు రోజులు బతకగలరు, పద్దెనిమిదో రోజు ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. ప్లాంట్‌లో షిఫ్టులు తగ్గించారని మీరే రాశారు, 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు భీమవరంలో ఎంత కంగారు పడ్డారో నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటి రంగంలో ఉంటూ ఆరు నెలల ఖర్చు, మీ లెక్కలో 1,56,000, పక్కన లేకుండా ట్యాంకు గురించి ఆలోచించారంటే నాకు కొంచెం కోపమే వచ్చింది, ఏమనుకోకండి.

ఇప్పుడు ట్యాంకు ఖర్చు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే దాదాపు 680 లీటర్లు. కాస్త వెలితిగా నింపినా గాజు, స్టాండు, గులకరాళ్లతో కలిపి 850 కేజీలకి తగ్గదు, అంటే మన 75 కేజీల ధాన్యం బస్తాలు పదకొండు తెచ్చి మీ హాల్లో ఒక గోడవారగా పేర్చినట్టు, అదీ అద్దింట్లో, మొదటి అంతస్తులో. ఇంటి ఓనర్ గారిని అడిగారా? పెద్ద చేపలకి వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి, 170 లీటర్లు. మీ బోరు ఉప్పు, మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్, వేసవిలో కాలువలు కట్టేశాక మనుషులకే నీళ్ల కటకట. 20 లీటర్ల టిన్నులైతే వారానికి ఎనిమిదో తొమ్మిదో మేడ మీదకి మోయాలి. ఫిల్టరు రాత్రీపగలూ తిరగాల్సిందే, లైటు, ఎయిర్ పంపుతో కలిపి నెలకి 55, 60 యూనిట్లు అదనం, బిల్లు పై స్లాబులోకి పోతుంది. మేతతో కలిపి నా లెక్కలో నెలకి 1,800. 40,000కి మూడు రూపాయల వడ్డీ నెలకి 1,200. రెండూ కలిపితే 3,000. మీకు నెలాఖరికి మిగిలేది కూడా సరిగ్గా 3,000. మరి అసలు ఎప్పుడు తీరుస్తారండీ? ఏడాదికి 14,400 వడ్డీ కట్టాక కూడా ఆ 40,000 అలాగే కూర్చుని ఉంటుంది.

క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, ఒక్క రోజు కూడా వెసులుబాటు ఉండదు, పైన ఫీజు. దాని గురించి ఇంతకంటే రాయను. చీటీ గురించి మాత్రం చెప్పాలి. ఇరవై నెలల చీటీలో ఏడు కట్టారు, ఇప్పుడు పాడితే లక్షలో బాగా వదులుకుంటేగానీ రాదు. ఉద్యోగం పోయినప్పుడు పాడుకోవడానికి మీకున్న ఒక్క ఆధారం అదే, దాన్ని చేపల కోసం పాడేస్తే ఆ రోజు ఏం పాడతారు? చివరిదాకా ఉంచండి, నెలకి 3,000 విడిగా పక్కన పెట్టండి, పదమూడు నెలలకి అవి 39,000, చీటీ లక్ష, ఇప్పటి 15,000, కమిషన్ పోయినా లక్షన్నర దగ్గరికొస్తారు. అప్పటిదాకా ఎస్ఐపీలూ షేర్లూ వద్దు. కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి ఈ ఆరు నెలల ఖర్చు ఫండు సగం అయ్యాక సొంత హెల్త్ పాలసీ, టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక చేపలు. నాకూ పిచ్చి ఉంది కాబట్టి ఊరుకోలేను. తణుకులో మా ఇంట్లో ఒక టైగర్ ఆస్కార్ ఉండేది, మేత డబ్బా మూత తీసిన చప్పుడు వింటే చాలు, మూలనున్నది తోక ఊపుకుంటూ అద్దానికి మూతి ఆనించేసేది, మా ఆవిడ వస్తే మాత్రం కదిలేది కాదు. ఒక రాత్రి కరెంటు పోయి ఫిల్టరు ఆగింది, మేం నిద్రలో ఉన్నాం, తెల్లారేసరికి వెల్లకిలా తేలుతోంది. అందుకే 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ట్యాంకులున్న వాళ్లే.

మీ లిస్టు మాత్రం అస్సలు కుదరదు. సిల్వర్ అరోవానా రెండున్నర, మూడడుగులు పెరుగుతుంది, రెండడుగుల వెడల్పులో అది వెనక్కి తిరగడానికే ఇబ్బంది, పైగా మూత లేకపోతే ఎగిరి నేల మీద పడుతుంది. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ ఇంకా పెద్దది, ఒక రోజు లెక్క చూసుకుంటే ఆస్కార్లు కనపడవు, దాని పొట్టలో ఉంటాయి. షాపులో షార్క్ అని చెప్పి చిన్న చేపపిల్లల్ని అంటగడతారు, అది మన చెరువుల్లో పెంచే పంగాసియస్, మనవాళ్లు ఫంగస్ అనే చేపేనండి, పాకు అని అమ్మేది మన రూప్‌చందే, ఆకివీడు వైపు కేజీల లెక్కన అమ్మే చేపని హాల్లో పెట్టుకుని ఏం చేస్తారు. పెరిగిపోయాక కాలువలో వదిలేద్దాంలే అని మాత్రం అనుకోకండి, అలా వదిలిన దెయ్యం చేపలతోనే మన చెరువుల వాళ్లు తలలు పట్టుకుంటున్నారు.

ఆరడుగుల ట్యాంకుకి సరైన జోడీ రెండు ఆస్కార్లు, వాటితో అయిదారు సిల్వర్ డాలర్ చేపలు, అంతే. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదేళ్ల పైనే ఉంటుంది, అంటే మీ పాప హైస్కూల్‌కి వచ్చేదాకా ఆ ఖర్చు మీతోనే ఉంటుంది. మూడంగుళాల పిల్లలు కొనండి, పెద్దవి కొనడం దండగ.

ఫండు పూర్తయ్యాక అప్పు లేకుండా కొంటే, సెకండ్ హ్యాండే కొనండి, తప్పులేదు, ఇలాంటి ట్యాంకులు ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు వదిలించుకుంటూనే ఉంటారు. కాకపోతే వాళ్ల వాకిట్లోనే నిండా నింపించి రెండు రోజులు ఉంచండి, మూలల్లో సిలికాన్ మీద వేలితో రాసి చూడండి, ఊడి వస్తుంటే రేటు ఎంత తగ్గించినా వద్దు. ఫిల్టర్లో స్పాంజి తడిగానే తెచ్చుకోండి, ఎండితే అందులో నీళ్లని శుభ్రం చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మళ్లీ నీళ్లు కుదురుకోవడానికి నాలుగైదు వారాలు, ఈలోపు చేపలు వేస్తే వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాకే పోతాయి. ఇన్వర్టర్ మీద ఫిల్టర్‌కి ఒక లైన్ వేయించండి. ఇల్లు ఇదే అయితే మాత్రం నాలుగడుగుల ట్యాంకు, ఒక్క ఆస్కార్ చాలు.

పాలకొల్లు ఆయనకి ఈ రాత్రికే ఫోన్ చేసి వద్దని చెప్పండి. అడ్వాన్స్ తిరిగిస్తే తీసుకోండి, ఇవ్వనంటే గొడవ పడకుండా వదిలేయండి, ఆ 2,000 మీరు కట్టబోయిన వడ్డీలో రెండు నెలలకి కూడా చాలదు.